‘ఎంబాస్’ అను మాట పూర్వకథ

షేక్స్పియరు రచించిన ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ అను ప్రహసనమునకు ముందు ఒక చిన్న నాంది గలదు. ఒక ప్రభువు వేట ముగించుకొని పరివారముతో ఇంటికి మరలి వచ్చుచుండును. తన వేటకుక్కలను జాగ్రత్తగా చూచుకొనుమని సేవకుని హెచ్చరించుచు, వానిలో మెరిమన్ అను దానిని పేర్కొని, పాపము, అది ‘ఎంబాస్డ్’ అయినదని జాలిపడును. విద్యార్థిదశలో ఈ ఘట్టమును మొదటిసారి చదివిన దినము నాకు బాగుగా జ్ఞప్తియందున్నది. నాయొద్దనున్న చిన్న నిఘంటువులో ఆ క్రియకు, ఉపరితలముపై చిత్రములు గాని అక్షరములు గాని ఉబ్బెత్తుగా లేచునట్లు చేయుట అను అర్థము మాత్రమే యుండెను. కొంత ఆలోచించి, ప్రభువుగారి కుక్క మెడలో ఉబ్బెత్తు పని చేసిన వెండిపట్టెడ యుండవలెనని నిశ్చయించి, పుస్తకపు అంచున ఆ సంగతి వ్రాసికొంటిని. ఆ పట్టెడ అనేక సంవత్సరములు ఆ కుక్క మెడలోనే యుండిపోయినది. ఆ మూగజీవము పరుగెత్తి పరుగెత్తి అలసి, నోట నురుగులు గ్రక్కుచు నిలిచియున్నదని చాలకాలమునకు గాని నాకు తెలియలేదు. తెలిసినపుడు తప్పు నిఘంటువుది కాదనియు, ఒకే వేషమున తిరుగు రెండు మాటలలో ఒకదానిని మాత్రమే ఎరిగియుండుట వలన కలిగినదనియు బోధపడినది.

మొదట, అందరును ఎరిగిన మాట సంగతి చూతము. మన దేశమున చదువుకొన్నవారికి ‘ఎంబాస్’ అనగానే నోటరీగారి ముద్ర జ్ఞప్తికి వచ్చును. ఇనుప పిడిని నొక్కగానే సిరా ఏమియు లేకయే కాగితముపై గుండ్రని చిహ్నము లేచును. వివాహ ఆహ్వానపత్రములపై వినాయకుడు, ధనికుల ఉత్తరపు కాగితములపై గృహనామము ఈ విధముగనే లేచియుండును. ఈ క్రియకు మూలమైన నామవాచకము ‘బాస్’. ప్రాచీన ఫ్రెంచి భాషలో దీని రూపము ‘బోస్’. అర్థము గడ్డ, బొడిపె, గూను. నేటి ఫ్రెంచిలో సైతము గూనివానిని ‘బోస్యూ’ అనియే పిలుతురు. కనుక అలంకారమునకు పేరుగా స్థిరపడిన ఈ పదము పుట్టుకయందు అలంకారమే లేదు. ఒంటె వీపుపై నున్నది, దెబ్బ తగిలినప్పుడు నుదుటిపై లేచునది, ఈ పదము మొదట గుర్తించిన వస్తువులు అట్టివే.

మన కార్యాలయములలో పై అధికారిని ‘బాస్’ అనుట గలదు. ఆ మాటకును దీనికిని చుట్టరికము లేదు. అది ‘యజమాని’ అను అర్థము గల డచ్చి పదము నుండి అమెరికాకు పోయి, అటనుండి లోకమెల్ల వ్యాపించినది. పై అధికారులు అప్పుడప్పుడు ఉబ్బియుందురన్నది వేరు సంగతి.

మధ్యయుగములో ‘బాస్’ నివాసము ప్రధానముగా డాలు నడుమ. డాలు మధ్యభాగమున లోహపు బొడిపె యొకటి యుండెడిది. అది లోపల పిడి పట్టిన చేతిని కాపాడును, వచ్చు దెబ్బను ప్రక్కకు జార్చును, అవసరమైనచో శత్రువు ముఖముపై పొడుచుటకును పనికివచ్చును. 1611లో ప్రకటితమైన ఆంగ్ల బైబిలున యోబు గ్రంథములో, దేవునిపై తిరుగబడు దుష్టుడు ఆయన డాళ్ల దట్టమైన బొడిపెల మీదికే పరుగెత్తుచున్నట్లు చెప్పిన చోట ఈ మాటయే కానవచ్చును. ఆ బొడిపెపై పువ్వులు, సింహముఖములు చెక్కుట క్రమముగా పరిపాటి యైనది. పిమ్మట పుస్తకముల తోలు అట్టలపై, గుఱ్ఱపు కళ్లెములపై, చర్చి పైకప్పున రాతికమ్ములు కలిసికొను కూడళ్లయందు సైతము ఈ బొడిపెలు వెలసినవి. రక్షణకై పుట్టినది అలంకారముగా మారుట ఇక్కడ కొంత కొంతగా జరిగినది.

లోహపు రేకుపై ఉబ్బెత్తు పని చేయు పద్ధతి ఐరోపాలోను మన దేశములోను మూలమున ఒక్కటే. రేకును మెత్తని పాకముపై అమర్చి వెనుకనుండి కొట్టవలెను. ముందువైపు రూపము లేచును. తరువాత రేకును తిప్పి ముందునుండి గీతలను తీర్చవలెను. పాశ్చాత్యులు ఆ పాకమునకు కీలు వాడుదురు. తెలంగాణమున జనగామ సమీపమునగల పెంబర్తి గ్రామపు పనివారు లక్కను వాడుదురు. దేవాలయ వాహనములకు, ద్వారములకు తొడుగు ఇత్తడి రేకులను వారు ఈ రీతిగనే తీర్చుచుందురు. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. గమనింపదగినది ఏమనగా, పనివాడు కొట్టునప్పుడు తాను చేయుచున్న రూపమును చూడడు. అతనికి కనబడునది దాని గుంట. ఎత్తు అవతల నుండును. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములను చూచినవారికి ఈ భేదము మరియొక విధముగా తెలియును. రేకులపై దానవాక్యములు లోతుగా చెక్కబడియుండును. రేకులను కూర్చిన కడియపు ముద్రపై ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదము, వరాహచిహ్నము మాత్రము పైకి లేచియుండును. చదువుటకు వ్రాసినది లోతున, రాజు అధికారమును చాటునది ఎత్తున!

ఇక రెండవ మాట. పదునాలుగవ శతాబ్దమున చాసరు మహాకవి రెండింటిని ప్రయోగించెను. డైడో రాణి వేటకు వెడలు సన్నివేశమున ఆమె గుఱ్ఱపు జీనుపై బంగారు పట్టీలు ఎత్తుగా ‘ఎంబోస్’ చేయబడియున్నవని వర్ణించెను. అది మనమెరిగిన ఉబ్బెత్తు పనియే. లాంకాస్టరు ప్రభువు భార్య యగు బ్లాంషు 1368లో మరణించగా ఆమె స్మృతికై రచించిన ‘బుక్ ఆఫ్ ది డచెస్’ అను కావ్యమున మాత్రము, కలలో వినవచ్చిన వేటగాండ్ర మాటలలో, లేడి చాల దూరము ‘ఎంబోస్’ అయినదని యున్నది. అక్కడ బంగారము లేదు, బొడిపె లేదు. ఉన్నది అడవి.

ఈ వేటమాటకు పండితులు చూపు మూలము వేరు. ప్రాచీన ఫ్రెంచిలో ‘బోస్’, ‘బోయి’ అనగా వనము. తరుమబడిన మృగము పొదలలో దూరుట ‘ఎంబాస్’ అగుట. పొంచియుండి మీద పడుటకు ఆంగ్లమున గల ‘ఆంబుష్’ అను మాటయు ఈ వనకుటుంబములోనిదే. ఒకటి దాగిన వేటగానికి చెల్లినది, ఒకటి దాగిన మృగమునకు చెల్లినది. అడవిలో దూరిన మృగమును కుక్కలు మరల బయటికి తరుమును. అది మరల దూరును. ఇట్లు కొంతసేపు సాగిన పిదప దాని స్థితి యేమి? నోరు తెరచును, నాలుక వ్రేలాడును, ప్రక్కలు ఎగసిపడును, మూతిపై తెల్లని నురుగు ముద్దలు నిలుచును. దాగుట యను అర్థము ఈ విధముగా అలసుట యను అర్థమైనది, అలసుట నురుగు గ్రక్కుట యైనది. ఆ నురుగు ముద్దలు డాలుపై వెండిబొడిపెల వలె కనబడుటచే రెండు మాటలును జనుల మనస్సులో కలిసిపోయినవని కొందరు తలంతురు. ఈ పోలిక మూలకారణమని నేను నమ్మను. కాని కలయికకు తోడ్పడియుండునని తోచును. జాన్సను పండితుడు 1755 నాటి తన నిఘంటువున రెండింటిని ఒకే శీర్షిక క్రింద ఉంచి, బొడిపె నుండి వచ్చిన అర్థములకు పిమ్మట, పొదలో మూయుట యను అర్థమును ఒక ఇటాలియను పదమునకు అంటగట్టి, చివర గట్టిగా తరుముట యను అర్థమును చేర్చెను. అన్నదమ్ములు కాని ఇద్దరిని ఒకే ఇంటి పేరున లెక్కవ్రాసినట్లున్నది.

షేక్స్పియరు కాలమునకు రెండు మాటలును ఒకే రూపము దాల్చియున్నవి. ఆయన దానిని దోషముగా ఎంచలేదు, ధనముగా ఎంచెను. లియరు రాజు తన కుమార్తె గానరిల్‌పై ఆగ్రహించి, నీవు నా చెడిన రక్తములో లేచిన పుండువని దూషించునపుడు ఆ వ్రణమునకు ‘ఎంబాస్డ్’ అను విశేషణము నిచ్చెను. ‘యాజ్ యు లైక్ ఇట్’ నాటకమున వనవాసియైన డ్యూకు, లోకమును తిట్టిపోయుదునను జేక్విసును చూచి, నీవే విచ్చలవిడిగా తిరిగి తెచ్చుకొన్న ఉబ్బిన కురుపులను లోకముపై కుమ్మరింతువా యని మందలించును. ఇవి రెండును బొడిపె కుటుంబము. ‘ఆల్స్ వెల్’ నాటకమున పరోల్స్ అను డాంబికుని బండారము బయటపెట్టుటకు పన్నాగము పన్నిన ఫ్రెంచి ప్రభువులు, వానిని ఇంచుమించుగా ‘ఎంబాస్’ చేసితిమి, ఈ రాత్రి వాడు పడిపోవుట చూడగలరని చెప్పుకొందురు. వెంటనే నక్కవేట ప్రస్తావన వచ్చును. ఇది స్పష్టముగా అడవి కుటుంబము.

ఆంటనీ సంగతి ఇంతకంటె దారుణము. ఓడలు శత్రువునకు వశమైనవి. క్లియోపాత్రయే ద్రోహము చేసినదని ఆతడు భ్రమసి మండిపడుచుండును. ఆమె భయపడి చెలికత్తెలతో, డాలు దక్కలేదని పిచ్చియెత్తిన ఏజాక్సు కంటెను ఇతడు ఉన్మత్తుడైనాడనియు, థెస్సలీ వరాహము సైతము ఇంతగా ‘ఎంబాస్డ్’ కాలేదనియు చెప్పును. మొదట డాలు, ఆ వెంటనే ఈ మాట! వినువారి చెవిలో బొడిపె ఒక్క క్షణము మెరసి, అంతలో నురుగు గ్రక్కు అడవిపందిగా మారిపోవును. కుక్కలు చుట్టుముట్టిన పంది వలె ఆంటనీకి ఇక పరుగెత్తుటకు చోటు లేదు. తిరిగి పొడుచుటయే మిగిలినది. ఈ భయముతోనే క్లియోపాత్ర తన సమాధిమందిరమున దాగి, తాను మరణించితినని కబురు పంపును. ఆ అబద్ధపు కబురు అతని ప్రాణము తీయును. ఇక్కడ ‘ఎంబాస్డ్’ అను మాటను కేవలము ‘కోపముతో ఉబ్బిన’ అని అనువదించినచో ఆమె భయమునకు కారణము సగము జారిపోవును.

ఐనను అనువాదకుని నిజముగా ఇరుకున పెట్టునది ఫాల్‌స్టాఫు. నాలుగవ హెన్రీ రాజుపై వ్రాసిన మొదటి నాటకమున, పూటకూళ్లయింటిలో ఆ స్థూలకాయుడు తన జేబు కొట్టివేయబడినదని, అందు గొప్ప ధనముండెనని గొణగుచుండును. జేబు కొట్టినది యువరాజే. నీ జేబులో నేముండెను? కల్లు బాకీల చీటీలు, ఊపిరి నిలుచుటకై కాసంత చక్కెర మిఠాయి. ఇవి గాక మరేమున్నను నేను దొంగననుము అని నిలదీయుచు, అతనిని ‘ఎంబాస్డ్ రాస్కల్’ అని తిట్టును. ‘రాస్కల్’ అను తిట్టు మన భారతీయులకు కొత్తది కాదు. తెల్లదొరల నోట విని, వారు పోయినను మనము దానిని పోనీయలేదు. కాని వేటగాండ్ర పరిభాషలో అది మందలోని బక్కచిక్కిన, వేటకు తగని లేడికి పేరు. అందుచే ఈ రెండు మాటలలో ఉబ్బిన మోసగాడున్నాడు. తరుమబడి రొప్పుచున్న లేడియున్నది. అన్నిటికి మించి, మందలో నెల్ల లావైన జంతువును బక్కలేడి యనుటలోని పరిహాసమున్నది. ఊపిరి నిలుపు మిఠాయి ఈ వేటచిత్రమునకు ముందే దారి వేసినది. యువరాజు ఒక్క మాటలో తన స్నేహితుని పొట్టను చూపి నవ్వును. అతని అబద్ధములన్నిటిని తరిమి తరిమి మూలకు చేర్చితినని చెప్పును.

తెలుగున ఏమి చేయవలెను? మనకు ‘ఉబ్బు’ అను ధాతువు గలదు. అది చిన్న ధాతువు కాదు. దేహము ఉబ్బును, ఏరు ఉబ్బును, పొగడ్తలకు మనిషి ఉబ్బును. సులభముగా ఉబ్బిపోవువానిని ఉబ్బులింగడందుము. చెక్కడమునకు ఉబ్బెత్తు అను పేరు దీనినుండియే. కాబట్టి డైడో జీనును, లియరు పుండును, జేక్విసు కురుపులను మన ధాతువు మోయగలదు. మెరిమన్‌ను మాత్రము మోయలేదు. ఆ కుక్కకు ‘రొప్పు’, ‘వగర్చు’, ‘నురుగులు గ్రక్కు’ అను మాటలే దిక్కు. ఫాల్‌స్టాఫు యెడ రెండింటిని కలుపుట కష్టము. ‘ఉబ్బి రొప్పుచున్న దగుల్బాజీ’ అని నేనొకప్పుడు వ్రాసి చూచుకొంటిని. లేడి తప్పించుకొని పోయినది గాని, ఊపిరియు పొట్టయు చిక్కినవి. ఇంతకంటె మంచి మాట దొరికినవారు ధన్యులు.

వేటలో అలసిన మృగము మన సాహిత్యమునకు కొత్తది కాదు. శాకుంతల ప్రారంభమున దుష్యంతుని రథము ముందు పరుగెత్తు లేడి మెడ వంచి మాటిమాటికి వెనుకకు చూచుచు, శ్రమచే తెరచిన నోటినుండి సగము నమలిన దర్భలను దారి పొడవున రాల్చుచు పోవును. ఆంగ్లవేటగాడు ఆ లేడిని చూచిన ‘ఎంబాస్డ్’ అనియే యుండును. కాని కాళిదాసు దృష్టి వేఱు. అక్కడ నురుగు లేదు, రక్తము లేదు, గడ్డిపరకలున్నవి. పైగా మునులు అడ్డుపడి, ఆశ్రమమృగమును కొట్టరాదని రాజును ఆపుదురు. తరుమబడినది అడవిలో దూరిన పిమ్మట అడవి దానిని కాపాడినది. ఆంగ్లపదమున అడవి ఆశ్రయముగా మొదలై, అలసటగా మారినది.

మిల్టను కవి మాత్రము ఆశ్రయమును మరువలేదు. 1671లో వెలువడిన ‘శాంసన్ అగనిస్టీస్’ నాటకమున, తన బూడిదనుండి తానే పుట్టు ఫీనిక్సు పక్షి అరేబియా వనములలో ‘ఎంబాస్ట్’ అయియున్నట్లు చెప్పెను. ఆ పక్షిని ఎవరును తరుమలేదు; అది అలసియు నుండలేదు. చెట్ల నడుమ మరుగుపడియున్నది, అంతియే. అంధుడైన కవి అంధుడైన వీరుని గూర్చి వ్రాయుచు ఈ మరుగుపాటు మాటను వాడుట నన్ను చాల దినములు వెంటాడినది.

ఆ పిమ్మట వేటమాట క్రమముగా వాడుకనుండి తొలగినది. బొడిపె మాట కాగితముపైకి వచ్చి రాజ్యాధికారము చేపట్టినది. 1694లో ఇంగ్లాండున దస్తావేజులపై సుంకము విధించినప్పటినుండి, చెల్లించినట్లు గుర్తుగా కాగితముపై ఉబ్బెత్తు ముద్ర వేయుట ఆరంభమైనది. 1765లో అమెరికా వలసలపై ఈ సుంకమునే విధించి, లండనులో ముద్ర వేసిన కాగితములనే కొనవలెనని శాసించినపుడు అక్కడి జనులు తిరుగబడిరి. మరుసటి సంవత్సరమే చట్టమును ఉపసంహరింపవలసి వచ్చినది. ఆసియాలో మొదటి తపాలా బిళ్ల సైతము ఉబ్బెత్తు పనియే. సింధు రాష్ట్రపు కమిషనరుగానున్న బార్ట్‌లు ఫ్రియరు 1852 జూలై 1 నుండి ‘సిండే డాక్’ అను అర్ధణా బిళ్లలను వాడుకలోకి తెచ్చెను. మొదటివి ఎఱ్ఱని లక్కబిళ్లలు. అవి పెళుసై పగిలిపోవుచుండెను. తరువాత తెల్లకాగితముపై రంగు లేకుండ ముద్ర నొక్కిరి; దీపపు వెలుతురున అవి కనబడుట లేదనిరి. అటుపిమ్మట నీలిరంగు చేర్చిరి. 1854లో దేశమంతటికి రాతియచ్చు బిళ్లలు రాగా ఇవి నిలిచిపోయినవి.

కనబడకపోవుట తపాలా గుమాస్తాకు దోషము. మరియొక పాఠకునకు అది దోషమే కాదు. పారిసులో వాలెంటిన్ ఆయూయీ అనునాతడు 1780 ప్రాంతముల అంధబాలుర చదువునకై ప్రయత్నించుచుండగా, లెసూయర్ అను శిష్యుడు ఒక మరణవార్తాపత్రముపై గట్టిగా అచ్చుపడి వెనుకకు లేచిన అక్షరమును వ్రేలితో గుర్తించెనని చెప్పుదురు. ఆయూయీ తడికాగితమును అక్షరములపై నొక్కి పుస్తకములను తయారుచేసెను. అవి చక్కని రోమను అక్షరములు. చూచువారికి ముచ్చటగా నుండును. చదువవలసిన వ్రేళ్లకు మాత్రము ఒక్కొక్క వంపును తడవి తెలిసికొనుట పెద్ద శ్రమ; వాటితో వ్రాయుట అసాధ్యము. ఆ పాఠశాలకే 1819లో వచ్చిన లూయీ బ్రెయిలు, చిన్ననాడే చూపు కోల్పోయినవాడు, 1829లో తన ఆరుచుక్కల లిపిని ప్రకటించెను. కంటికి అందమైన ఆకారమును పూర్తిగా విడిచిపెట్టెను. వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇముడునన్ని చుక్కలు మాత్రము మిగిల్చెను. చూపున్న ఉపాధ్యాయులకు అది నచ్చలేదు. 1840 దశాబ్దమున కొంతకాలము ఆ పాఠశాలలోనే దానిని నిషేధించిరి. బ్రెయిలు 1852లో మరణించెను. ఫ్రాన్సు దానిని అధికారముగా స్వీకరించినది 1854లో.

మన దేశమున భాషకొక పద్ధతిగా సాగుచుండిన ఈ లిపులకు బదులు, 1951లో భారతి బ్రెయిలీ అను ఏకరూపము ఏర్పడినది. ఇందు ధ్వనిని బట్టి చుక్కలను కూర్చిరి. తెలుగు ‘గ’కారమును, హిందీ ‘గ’కారమును, వంగభాషలోని ‘గ’కారమును కంటికి మూడు వేర్వేరు వంపులు. వ్రేలికి ఒకే నాలుగు బొడిపెలు.